వేసవి శిబిరములు – మన పిల్లలు

వార్షిక పరీక్షలు ముగియుటయే తడవుగా వేసవి శిబిరముల ప్రకటనలు మన వాకిళ్లలో వచ్చి పడుచున్నవి. చిత్రలేఖనము, సంగీతము, చదరంగము, కరాటే, అబాకస్, దస్తూరి దిద్దుట, ఇంగ్లీషు సంభాషణము మొదలుగా పదునైదు విద్యలను పదునైదు దినములలో నేర్పుదుమని వానియందుండును. ఈ పట్టిక యెంత పొడుగుగా నున్న శిబిరమంత మంచిదని తలచు తల్లిదండ్రులు మనలో పెక్కురు గలరు. ఏడాది సాధకము చేసినను గీతములు కుదురుటయే కష్టమని యెఱిగిన మనమే, దినమున ముప్పావుగంట చొప్పున రెండు వారములలో సంగీతము వచ్చునని నమ్ముట యెంత వింత!

ఈ శిబిరములు మన దేశమున బుట్టినవి కావు. 1861వ సంవత్సరమున అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున ఫ్రెడరిక్ గన్ అను ఉపాధ్యాయుడు తన బడిపిల్లలను నడిపించుకొని సముద్రతీరమునకు బోయి, రెండు వారములు గుడారములలో నుంచి, పడవ నడపుట, చేపలు పట్టుట మున్నగు పనులు చేయించెను. బిడ్డను బడిగది వెలుపలికి దెచ్చుటకై పుట్టిన యేర్పాటును మనము తెచ్చుకొని మఱల బడిగదిలోనే పెట్టితిమి. కొన్నిచోట్ల శిబిరమను పేరుతో రాబోవు తరగతి పాఠములే నడచుచున్నవి. తండ్రి తెలిసియే రుసుము చెల్లించుచున్నాడు! విశ్రాంతియు ఆటయు బిడ్డకు హక్కులని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణము చెప్పుచున్నది. 1992లో మన దేశమును దానికి సమ్మతించినది. ఆ సమ్మతి ఢిల్లీ దాటి మన గడప లోనికి రాలేదు.

ఇంతకంటె నన్ను బాధించు సంగతి వేఱొకటి గలదు. మా వీథిలో నొక యింట అన్నాచెల్లెండ్రు గలరు. అన్నను ఈత శిబిరమునకును, చెల్లెలిని గోరింటాకు ముగ్గులు నేర్పు శిబిరమునకును పంపిరి. ఏలయని యడుగగా తల్లి, “ఆడపిల్ల యెండకు నల్లబడును, పైగా ఆ దుస్తులతో పదిమందిలో నెట్లు దిగునండీ?” అనినది. ఆమె పట్టభద్రురాలు!

ఆడపిల్లయని నీరు విడిచిపెట్టునా? కృష్ణా గోదావరి కాలువలలో, ఊరి చెఱువులలో, క్వారీ గుంటలలో దిగిన పిల్లలు మునిగి మరణించిన వార్తలను ప్రతి వేసవియందును చదువుచునే యున్నాము. బట్టలుతుక బోయినవారును, జారినవారిని పట్టుకొనబోయి తామును మునిగినవారును వారిలో గలరు. 2021లో లోకమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టినది. బడియీడు పిల్లలకు ఈత నేర్పుట ఆ సంస్థ చెప్పిన నివారణోపాయములలో నొకటి. గోరింటాకు ఇంట అమ్మమ్మయైనను పెట్టగలదు. ఈత నెవరు నేర్పుదురు?

అయితే ఈత నేర్పుచోటెల్ల మంచిచోటు కాదు. ప్రకటనను పక్కన బెట్టి స్వయముగా పోయి చూడవలెను. ఒక శిక్షకునికి పిల్లలెందఱు? పసివారు దిగుచోట లోతెంత? గట్టున నిలిచి కనిపెట్టుటకే వేఱొక మనిషి గలడా, లేక నేర్పువాడే కావలివాడా? పిల్లవాడు భయపడినప్పుడు బుజ్జగింతురా, నెట్టుదురా? త్రాగునీరు, నీడ గలవా? చెప్పకుండ వచ్చిన తల్లిని లోనికి రానిత్తురా? రానీయమను చోట బిడ్డను ఒక్క గంటయైనను విడువరాదు. అన్నిటికంటె ముందు బిడ్డనే యడుగవలెను. కాని ఈ ప్రశ్న మన యిండ్లలో కడపట వచ్చును, లేదా అసలే రాదు.

ఇవన్నియు ధనవంతుల మాటలందురేమో! హైదరాబాదు నగరపాలక సంస్థ స్వల్ప రుసుముతో క్రీడాశిబిరములు నడుపుచు వచ్చినది. ప్రభుత్వ గ్రంథాలయములలో వేసవియందు పిల్లలకు కథలు చెప్పించి, పుస్తకములు చదివించుచున్నారు. మన పనిమనిషి బిడ్డకు ఆ త్రోవ చూపుటకు మనకు ఖర్చేమియు లేదు.

ఆ తల్లి సంకోచమును నేను తేలికచేయను. పిల్లను గూర్చి నలుగురు నాలుగు మాట లనుకొందురను భయము ఆమెకు గలదు. కాని మోకాళ్లను దాటి కప్పు ఈతదుస్తులు నేడు అంగళ్లలో దొరకుచున్నవి. స్త్రీలకు వేఱు వేళలు గల కొలనులును గలవు. లేనిచోట ఆడపిల్లల కొక గంటయు, ఒక శిక్షకురాలును కావలెనని పదిమంది తల్లులు కలిసి యడుగవలెను. ఎల్లుండి సాయంకాలము నేనును ఆమెతో కూడ పోవుదునని చెప్పితిని.