దారి చూచినవారు చెప్పవలెను



మన సంఘములలోని అనేక కుటుంబముల బిడ్డలు నేడు ఉద్యోగముల నిమిత్తము కూకట్‌పల్లిలో హాస్టళ్లలోను, అద్దె ఇండ్లలోను ఉండి, ప్రతిదినము హైటెక్ సిటీకి పోయి వచ్చుచున్నారు. టీవీలో హైదరాబాదు వీధులు చెరువులవలె కనబడగానే ఊరిలోని తల్లిదండ్రులకు ముద్ద దిగదు. వెంటనే ఫోను చేయుదురు. బిడ్డలు, "మ్యాప్ చూసుకొని వస్తాంలే అమ్మా, భయపడకు" అందురు. ఆ మ్యాప్ ఏమి చూపగలదో, ఏమి చూపలేదో పెద్దలకును తెలిసియుండుట మంచిదని ఈ నెల ఈ మాటలు వ్రాయుచున్నాము.

ఫోనులోని గూగుల్ మ్యాప్ రోడ్డుమీది నీటిని చూడదు. ఆ దారిన పోవువారి ఫోనులు ఎంత వేగముగా కదలుచున్నవో లెక్కించి, బండ్లు నిలిచిన చోట ఎరుపు రంగు చూపును. అవి ఎందుకు నిలిచినవో రంగును బట్టి తెలియదు. మరియొక సంగతి గలదు. నీరు నిండి ఎవరును పోని దారిలో కదలు ఫోనులే ఉండవు గనుక అక్కడ ఎరుపు కనబడకపోవచ్చును. మ్యాప్‌లో ఖాళీగా ఉన్న దారి క్షేమమైన దారి అని తలంచరాదు. హైటెక్ సిటీ రైల్వే స్టేషను దగ్గరి వంతెన క్రింది దారివలె, వాన పడగానే నీరు నిలుచు చోట్ల ఇది మరచిపోకూడదు.

కాబట్టి చూచినవారు చెప్పినప్పుడే మ్యాప్‌కు నీటి సంగతి సరిగా తెలియును. 2015 డిసెంబరులో చెన్నై నగరము మునిగినప్పుడు అరుణ్ గణేష్, మరికొందరు కలిసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారముగా ఒక పటము సిద్ధపరచిరి. ప్రజలే తమ ఎరుకలో మునిగిన వీధులను దానిపై గుర్తించిరి. 2024 నవంబరులో గూగుల్ మ్యాప్స్‌వారు కూడ, నీట మునిగిన రోడ్లను ప్రయాణికులే తెలియజేయు ఏర్పాటు మన దేశములో తెచ్చిరి.

అయినను నీటి లోతు ఏ మ్యాప్ చెప్పదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు నీరు నందిగామ దగ్గర హైదరాబాదు–విజయవాడ రహదారిపై పారి రాకపోకలు నిలిచెను. ఆ దినమే మరిపెడ సమీపమున ఆకేరు వాగులో కారు కొట్టుకొనిపోయి ఒక తండ్రి, కుమార్తె మరణించిరి. అరడుగు లోతు పారు నీరు మనిషిని పడద్రోయగలదు. ఒక అడుగు నీటికి చిన్న కారు తేలును. రెండడుగులైన పెద్ద బండ్లను సహితము ఈడ్చుకొనిపోవును.

తల్లిదండ్రులారా, బిడ్డ బండిమీద ఉన్నప్పుడు మాటిమాటికి ఫోను చేయకండి. "త్వరగా వచ్చేయి" అనకండి. ఆ ఒక్క మాటకే నీటిలో బండి దింపువారున్నారు. "ఆఫీసులోనే ఉండు, ఆలస్యమైనా పరవాలేదు" అని చెప్పండి. మీ ఊరి వాగు కల్వర్టుపైకి వచ్చినయెడల, అది మీకే ముందు తెలియును. బంధువులకు, బస్సువారికి, పోలీసువారి 112కు వెంటనే తెలుపుడి. దారికి కొమ్మలు అడ్డము వేసి, టార్చిలైటుతో ఒకరు నిలువుడి.

యౌవనులారా, నీరు చూచి వెనుకకు తిరిగినప్పుడు, ఊరకే పోక బండి ఒక ప్రక్కన ఆపి, మ్యాప్‌లో ఆ మాట తెలియజేయుడి. మీ వెనుక ఆ దారినే వచ్చువాడు ఎవరి బిడ్డయో మీకు తెలియదు.