రాత్రిపూట పిక్కలు పట్టేస్తే: మాత్ర కన్నా గోడ మేలు

గాఢనిద్రలో ఉండగా పిక్క ఒక్కసారిగా రాయిలా బిగుసుకుపోతుంది. కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల వరకు ప్రాణం విలవిలలాడుతుంది. పట్టు వదిలినా సలుపు మరునాడు కూడా మిగలవచ్చు. వయసు పైబడిన వారిలోనూ, నెలలు నిండుతున్న గర్భిణులలోనూ ఇది తరచుగా కనిపించే బాధ.

మన వాడుకలో దీన్ని ‘నరం పట్టేసింది’ అంటాం. ఆ మాటే మనల్ని దారి తప్పిస్తోందని నా అభిప్రాయం. నరం అనగానే ‘నరాల బలహీనత’ గుర్తుకొస్తుంది. ఆ వెంటనే బలం సూదులు, విటమిన్ మాత్రలు, కాల్షియం డబ్బాలు ఇంటికి చేరతాయి. నిజానికి పట్టేసేది కండరం. దానికి ఆజ్ఞలిచ్చే నాడి అతిగా స్పందించడం వల్ల కండరం ముడుచుకుని, వదలకుండా ఉండిపోతుంది. ఇది బలహీనత కాదు, అతి చురుకుదనం.

రాత్రే ఎందుకు? పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి, పిక్క కండరం అప్పటికే కుదించుకుని ఉంటుంది. మరికాస్త ముడుచుకుంటే చాలు, పట్టేస్తుంది. నేలమీద గొంతుకు కూర్చునే అలవాటు పోయి, పిక్క సాగే అవకాశం తగ్గడమూ ఒక కారణమని కొందరు వైద్యులు భావిస్తారు.

మరి మాత్రల సంగతి? పెద్ద వయసు వారికి మెగ్నీషియం వల్ల చెప్పుకోదగిన మేలు ఉండకపోవచ్చని 2020 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. మూత్రపిండాలు దెబ్బతిన్న వారికి అది హాని కూడా చేయగలదు. ఒకప్పుడు మలేరియా మందు క్వినైన్‌ను దీనికి విరివిగా వాడేవారు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం, గుండె లయ తప్పడం వంటి ప్రమాదాల వల్ల పిక్కల నొప్పికి దాన్ని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఇక నెదర్లాండ్స్‌లో 55 ఏళ్ళు దాటిన 80 మందిపై జరిపి, 2012లో ప్రచురించిన అధ్యయనంలో, 6 వారాల పాటు నిద్రకు ముందు కాళ్ళ కండరాలను సాగదీసిన వారికి ఈ పట్టు గణనీయంగా తగ్గింది. పైసా ఖర్చు లేని వైద్యం కనుక దీనికి ప్రకటనలు ఉండవు!

చేయవలసింది ఇంతే. గోడకు రెండడుగుల దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆన్చండి. మడమలు నేలను వదలకుండా, మోకాళ్ళు వంచకుండా ముందుకు వాలండి. పిక్క సాగుతున్నట్లు తెలియాలి, నొప్పి పుట్టకూడదు. 10 సెకన్లు ఆగి, వెనక్కి రండి. ఇలా మూడుసార్లు, రోజూ పడుకునే ముందు చేయండి. తూలే వారు పక్కన తోడు ఉంచుకోవాలి.

పట్టేసిన క్షణంలో మోకాలు చాపి, కాలి వేళ్ళను మీ వైపు లాగండి. పట్టు వదిలాక మెల్లగా మర్దన చేసి, వేడి గుడ్డతో కాపడం పెట్టండి. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గిన వారు మాత్రం కాపడం జోలికి పోవద్దు.

అయితే ప్రతి కాలినొప్పీ ఇది కాదు. ఒకే కాలు వాచి, వేడెక్కి, నొప్పి వదలకుంటే రక్తనాళంలో గడ్డ కట్టిందేమో, అదే రోజు వైద్యుణ్ణి కలవాలి. నడిస్తే పిక్క నొప్పి పుట్టి, ఆగితే తగ్గుతుంటే, ముఖ్యంగా పొగతాగేవారు, రక్తప్రసరణ పరీక్ష చేయించుకోవాలి. పట్టు తరచుగా వస్తుంటే మధుమేహం, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు అవసరం కావచ్చు. రక్తపోటుకు వాడే నీటి మాత్రలు, ఉబ్బసానికి వాడే కొన్ని ఇన్‌హేలర్లు కూడా కారణం కావచ్చు. అలాగని మీ అంతట మీరు మందులు మానకండి. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వైద్యుడికి చూపించండి. కొత్త మాత్ర చేర్చడం కన్నా, పాతవాటిలో ఒకటి మార్చడమే కొన్నిసార్లు అసలైన చికిత్స.