స్ట్రాస్‌బర్గులో రెండు రోజులు



గత మాసములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత గద్వాలకు చెందిన ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. వారి కుమారుడు జర్మనీలోని కార్ల్స్‌రూహేలో చదువు ముగించి అక్కడే ఉద్యోగము చేస్తున్నాడు. వచ్చే సెప్టెంబరులో మూడు వారాలు ఉండి పొమ్మని తల్లిదండ్రులను పిలిచాడు. అందులో రెండు రోజులు సరిహద్దు దాటి, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గు పట్టణము చూపిస్తానన్నాడట.

"అయ్యగారూ, జర్మనీకి పోతం, పిలగాని ఇల్లు చూస్తం. ఆ స్ట్రాస్‌బర్గు మాత్రం వద్దు. అది వైనుకు పేరుపడ్డ సీమంట. మా తాత బాప్తిస్మం తీసుకున్ననాడు కల్లుముంత పగులగొట్టిండు. నేను ఆ ఊరికి పోయి ఏం చూడాలె?" అన్నారు సారు.

మేము నవ్వి, "సారూ, అది మనకు పరాయి ఊరు కాదు" అన్నాము. ఆ పట్టణమును మేము కళ్లారా చూడలేదు గాని, సంఘచరిత్ర చదువుకున్న రోజుల నుండి దాని పేరు మాకు తెలుసు.

నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతాలకు సువార్త తెచ్చినది మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు. అమెరికా నుండి హీబర్ట్ దంపతులు 1899లో హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. గద్వాల పొలము 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుండి ఈ మిషనుకు వచ్చింది. ఈ మిషనరీల విశ్వాసపు వేళ్లు 1525 జనవరి 21న జ్యూరిక్ పట్టణములో జరిగిన ఒక చిన్న కూటములో ఉన్నాయి. విశ్వసించినవారే బాప్తిస్మము పొందాలని నమ్మి, అక్కడ కొందరు ఒకరికొకరు బాప్తిస్మమిచ్చుకున్నారు. అందుకు శిక్షగా 1527లో ఫెలిక్స్ మాంజ్ అనే యువకుని అక్కడి నదిలో ముంచి చంపారు.

ఆ దినములలో తరుమబడిన అనేకులు చేరుకున్న పట్టణము స్ట్రాస్‌బర్గు. అక్కడి అధికారులు చంపడము కంటె వెళ్లగొట్టడమే ఎక్కువగా చేశారు. మైఖేల్ సాట్లర్ కొంతకాలము అక్కడ ఉండి వెళ్లి, 1527లో హతసాక్షి అయ్యాడు. పిల్‌గ్రామ్ మార్పెక్ అనే ఇంజనీరు ఆ పట్టణానికి వంటచెరకు చేరవేసే పనులు చూశాడు. తన విశ్వాసము నిమిత్తము 1532లో ఊరు విడువవలసి వచ్చింది. 1984లో ప్రపంచ మెన్నోనైట్ మహాసభ జరిగినది కూడ ఆ పట్టణములోనే.

ఇదంతా విని సారు కాస్త మెత్తబడ్డారు. వెంటనే కాగితము, పెన్ను తీసుకొని ప్రయాణపు ఏర్పాట్లు వ్రాసుకున్నాము. ఇతరులకు కూడ ఉపయోగపడునని ఇక్కడ ఇస్తున్నాము.

వీసా: ఎక్కువ రోజులు జర్మనీలో ఉంటారు గనుక జర్మనీ వీసాకే దరఖాస్తు పెట్టాలి. ఆ షెంగెన్ వీసాతో ఫ్రాన్సుకు కూడ వెళ్లవచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు తీసుకుంటారు. కనీసము 30,000 యూరోలకు వైద్య బీమా ఉండాలి. తిరిగి వచ్చే తేదీ తరువాత కూడ పాస్‌పోర్టుకు మూడు నెలలు గడువు మిగిలి ఉండాలి. సెప్టెంబరు, అక్టోబరు ద్రాక్షకోత కాలము, సందర్శకులు ఎక్కువ. కాబట్టి గది ముందే మాట్లాడుకోవాలి. స్వెటరు, మెత్తని బూట్లు, వాడే మాత్రలు, డాక్టరు చీటీ మరువరాదు.

మొదటి రోజు: కార్ల్స్‌రూహే నుండి వేగపు రైలులో గంటలోపు ప్రయాణము. ముందుగా పెద్ద దేవాలయము చూడాలి. 1439లో ముగిసిన దాని శిఖరము ఎత్తు 142 మీటర్లు. లోపల ఒక గొప్ప గడియారము ఉంది. మధ్యాహ్నము 12:30కి పన్నెండుమంది అపొస్తలుల బొమ్మలు క్రీస్తు ముందుగా నడిచిపోతాయి. పైనున్న కోడిపుంజు మూడుసార్లు కూస్తుంది. సాయంత్రము గూటెన్‌బర్గు విగ్రహము, తోమా దేవాలయము, కాలువల వెంబడి పాత ఇండ్లు చూడవచ్చు. అచ్చుయంత్రముతో బైబిలు ముద్రించిన గూటెన్‌బర్గు అంతకు ముందు కొన్నేండ్లు ఈ ఊరిలో నివసించాడు.

రెండవ రోజు: రైలులో కొల్మార్ వెళ్లి, అక్కడి నుండి కైజర్స్‌బర్గు చేరాలి. ఆఫ్రికాలో రోగులకు సేవ చేసిన ఆల్బర్ట్ ష్వైట్జర్ 1875లో పుట్టిన గ్రామమది. చుట్టూ కొండవాలుల మీద ద్రాక్షతోటలే.

భోజనము: అక్కడ క్యాబేజీతో వండే షూక్రూట్ అనే వంటకములో వైను పోస్తారు. వద్దనుకునేవారు ముందే అడిగి తెలుసుకోవాలి.

అంతా వ్రాయించుకొని సారు బయట చెప్పులు తొడుగుకుంటుండగా, అమ్మ వెనుక నిలబడి మెల్లగా అన్నది: "అయ్యగారూ, ఊరి సంగతి కాదు. పిలగాడు పంపిన ఫోటోల వాని చేతిల వైను గ్లాసు కనబడ్డది. ఆ దినం నుంచి ఈయన వానితోని సక్కగ మాట్లాడుతలేడు."

మేము దారి చూపించాము గాని బాధ చూడలేదని అప్పుడు తెలిసింది. బుధవారము వారి ఇంటికి వెళ్లి, సారుతో కలిసి యిర్మీయా 35వ అధ్యాయము చదివాము. ప్రవక్త రేకాబీయుల ముందు ద్రాక్షారసపు పాత్రలు పెట్టాడు. వారు ఎవరినీ నిందించలేదు, సిగ్గుపడనూ లేదు. మా పితరుడు తాగవద్దన్నాడు, కాబట్టి తాగము అన్నారు. తరాలు గడిచినా ఆ మాట వారి ఇండ్లలో బ్రదికి ఉంది.

సారు చాలాసేపు మౌనముగా ఉన్నారు. తరువాత అన్నారు: "మా తాత ముంత పగులగొట్టుడే కాదు, ఎందుకు పగులగొట్టిండో మా నాయనను కూసోబెట్టి చెప్పిండు. కూలి పైసలు కల్లుకే పోయి ఇంట్ల పిల్లలు పస్తులున్న సంగతి చెప్పిండు. నేను నా కొడుకుకు అది చెప్పలే. తాగొద్దన్న, అంతే."

ఆ మాట మమ్మును కూడ తాకింది. మనలో ఎంతమందిమి పిల్లలకు ఆజ్ఞ ఇచ్చాము గాని, దాని వెనుక ఉన్న కన్నీళ్ల కథ చెప్పలేదు! మన ఊళ్లలో వైన్స్ బోర్డు కింద కూలిన కుటుంబాలను ఎరిగిన తల్లిదండ్రుల భయము, అక్కడి పిల్లవానికి వట్టి చాదస్తముగా కనబడవచ్చు. అక్కడి రైతుకు ద్రాక్షతోట తాతల నాటి సేద్యము. అతనికి మనము తీర్పు తీర్చనక్కరలేదు. మర్యాదగా వద్దని చెబితే చాలు.

అందుచేత ఆ కాగితములో ఒక మార్పు చేశాము. రెండవ రోజు మధ్యాహ్నము చూడవలసినవన్నీ కొట్టివేసి, ఖాళీగా ఉంచాము. తండ్రీ కొడుకులు ఒక చోట కూర్చోవాలి. తాత ముంత సంగతి తండ్రి చెప్పాలి. కొడుకు చెప్పేది కూడ మధ్యలో అడ్డుపడకుండా వినాలి.

ముందురోజు చూచిన ఆ కోడిపుంజు కూడ వారికి జ్ఞాపకముండాలి. కోడికూత పేతురు పడిపోవడమును గుర్తు చేస్తుంది. కాని కథ అక్కడ ఆగలేదు. యోహాను 21వ అధ్యాయములో ప్రభువు ఒడ్డున నిప్పులు చేసి, పేతురుకు ముందు భోజనము పెట్టాడు. ఆ తరువాతనే ప్రశ్న అడిగాడు. మూడుసార్లు అడిగినదీ ప్రేమను గూర్చియే.

సారు ఆ రాత్రే కుమారునికి ఫోను చేశారు. "రెండు రోజులూ పోదాం బిడ్డా" అన్నారట. ఇక మిగిలినది వారు వెళ్లి వచ్చిన తరువాతనే తెలియును. వారి కొరకు ప్రార్థించండి.

హైదరాబాదులో గాని, దుబాయిలో గాని, మరెక్కడో గాని పిల్లలున్న తల్లిదండ్రులారా, ఈసారి వారిని చూడబోయేటప్పుడు మీ ఏర్పాట్లలో ఒక పూట ఖాళీగా ఉంచండి. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.