వేలిముద్రకు 617 అంకెల తాళం

రుద్రారంలో రేషన్ బియ్యం తీసుకోవాలంటే చిన్న మెషీన్ మీద వేలు పెడతాం. కొత్త సిమ్ కొన్నప్పుడూ చాలాచోట్ల అదే పని. పెట్టిన వేలిముద్ర అక్కడి నుంచి నెట్‌లో ఆధార్ సర్వర్ దాకా వెళ్లాలి. మరి దారిలో ఎవరైనా కొట్టేస్తే?

అందుకే మెషీన్ ముందుగా ఆ వివరాలను అప్పటికప్పుడు పుట్టించిన ఓ రహస్య కోడ్‌తో మూసేస్తుంది. తర్వాత ఆ కోడ్‌కే ఇంకో పెద్ద తాళం వేస్తుంది. ఆ తాళం ఒక సంఖ్య. 617 అంకెల సంయుక్త సంఖ్య!

సంయుక్త సంఖ్య అంటే మనకు బళ్లోనే చెప్పారు. 15 అంటే 3 ఇంటూ 5, అంతే. ఈ పెద్ద సంఖ్య కూడా రెండు ప్రధాన సంఖ్యల గుణకారమే. కాకపోతే ఒక్కోదానికి దాదాపు 309 అంకెలుంటాయి. గుణించి వచ్చిన సంఖ్యను దాచరు, ఎవరైనా చూడొచ్చు. దాచేది ఆ రెండు కారణాంకాలనే. అవి దొరికితే తాళం తీసినట్టే.

దొరకడమే కష్టం. ఎందుకంటే ఒక సంఖ్య సంయుక్తమని తెలియడం వేరు, దాన్ని విడగొట్టడం వేరు. 91 తీసుకోండి. చూడ్డానికి ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది. ఒకవేళ నిజంగా ప్రధాన సంఖ్యే అయితే, 90 రెండ్లను గుణించి 91తో భాగిస్తే శేషం 1 రావాలి. ఇది ఫెర్మా చెప్పిన సూత్రం. లెక్క చేస్తే వచ్చేది 64. అంటే 91 సంయుక్తమే. 7 ఇంటూ 13 అని కనుక్కోకుండానే తేలిపోయింది చూశారా?

పెద్ద సంఖ్యల్లో ఈ తేడా ఇంకా విచిత్రంగా ఉంటుంది. 1,67,77,216 రెండ్లను గుణించి ఒకటి కలిపితే 50 లక్షల అంకెలు దాటిన సంఖ్య వస్తుంది. అది సంయుక్తమని 1999లో తేల్చారు. కానీ దాని కారణాంకం ఒక్కటి కూడా ఇప్పటిదాకా దొరకలేదు.

1977లో 129 అంకెల సంఖ్య ఒకదాన్ని విడగొట్టమని వంద డాలర్ల పందెం పెట్టారు. ఇంటర్నెట్‌లో దాదాపు 600 మంది చేతులు కలిపితే 1994లో గానీ అది లొంగలేదు. 2020లో 250 అంకెల సంఖ్యను విడగొట్టారు. ఆ పని ఒకే ప్రాసెసర్ కోర్‌కి అప్పగించి ఉంటే సుమారు 2,700 ఏళ్లు పట్టేది. మన తాళానికున్నవి 617 అంకెలు!

అయితే హాయిగా పడుకోవచ్చా? ఆగండి. దొంగకు లెక్కలు రావాల్సిన పని లేదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వ్యాపారి ఒకరిని పోలీసులు అరెస్టు చేశారు. భూముల రిజిస్ట్రేషన్ పత్రాలు ఆన్‌లైన్‌లో దొరికేవి. వాటి మీదున్న వేలిముద్రల నుంచి నకలు అచ్చులు తయారుచేసి, వేరేవాళ్ల పేరు మీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. 617 అంకెల తాళం చెక్కుచెదరలేదు. అది నకలు వేలికి కూడా అంతే నమ్మకంగా కాపలా కాసింది.

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం కదా! అందుకని ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ అనే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేస్తే మీ వేలిముద్ర పెట్టినా, దాని నకలు పెట్టినా సర్వర్ ఒప్పుకోదు. రేషన్‌కి వెళ్లేటప్పుడు కాసేపు తీసి, మళ్లీ వేసుకోవచ్చు. మీ ఫోన్‌లో ఆ పని అయ్యాక అమ్మానాన్నల ఆధార్‌కి కూడా చేసిపెట్టండి. పొలం పత్రాల మీద ఎక్కువగా ఉండేది వాళ్ల వేలిముద్రలే.