కంపెనీ లెక్కలంటే కంగారెందుకు?

పెళ్ళితో ఆగిన బి.కాం.ను పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ మొదలుపెట్టే అక్కచెల్లెళ్ళలో కొందరు కార్పొరేట్ అకౌంటింగ్ రాగానే పుస్తకం మూసేస్తారు. అక్కడ ఆగితే డిగ్రీ చేతికి రాదు కదండీ!

ఒక్క లెక్క చూద్దాం. 10 రూపాయల షేరును కంపెనీ 15కి ఇచ్చిందనుకోండి. బ్యాంకు ఖాతాకు 15 డెబిట్. షేరు మూలధనానికి 10, సెక్యూరిటీస్ ప్రీమియంకు 5 క్రెడిట్. అంతే! ఆ 5 రూపాయల్ని డివిడెండుగా పంచడానికి 2013 కంపెనీల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. బోనస్ షేర్లకైతే వాడుకోవచ్చు. అమ్మాయి పెళ్ళికని దాచింది పచారీ సామానుకు తీయం చూడండి, అలాగన్నమాట.

వంటలాగే ఇదీ చూస్తే రాదు, చెయ్యాలి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజూ రెండు లెక్కలు చేసి చూడండి. ట్రయల్ బ్యాలెన్సు కలవలేదా? తేడాలో సగం ఎంతో చూసి, ఆ అంకె ఉన్న పద్దు తప్పు వైపు పడిందేమో వెతకండి.