సంఘం కాపరి ఇంటి ఆస్తి కాదు

సంపాదకులు గారికి,

శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఏ రోడ్డు మీద వెళ్లినా సువార్త సభల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. చాలావాటిలో క్రీస్తు పేరు కన్నా బోధకుడి ముఖమే పెద్దది. పక్కన భార్య, కొడుకు, కోడలు. కొడుకు ఫొటో అక్కడ ఎందుకుందో ఊళ్లో అందరికీ తెలుసు. రేపు ఆ వేదిక, ఆ మందిరం, ఒక్కోచోట మందిరం కట్టిన స్థలం కూడా అతనివే. ఈ జిల్లాల్లోనే ఒక బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి ఇది తప్పని చెప్పే బాధ్యత నాకుంది.

యేసు శిష్యుల పాదాలు కడిగిన సంగతి ఈస్టరు ముందు గురువారం ఏటా వింటాం. కొన్ని చర్చిల్లో ఆ రోజు గురువులు విశ్వాసుల పాదాలు కడుగుతారు కూడా. మంచి ఆచారం. అయితే నాయకుడి వినయం అసలు తేలేది రెండుచోట్ల: డబ్బు దగ్గర, తన తర్వాత ఎవరన్న ప్రశ్న దగ్గర. బైబిలు ఈ రెండింటినీ గట్టిగానే పట్టించుకుంది. మన ప్రసంగాల్లో మాత్రం అవి అరుదుగా వినిపిస్తాయి.

నెహెమ్యా యూదా దేశానికి పన్నెండేళ్లు అధిపతిగా ఉన్నాడు. అంతకుముందున్న అధిపతులు ప్రజల దగ్గర భోజనం, ద్రాక్షారసం, పైన నలభై తులాల వెండి వసూలు చేసేవారు. నెహెమ్యా అధిపతికి రావలసిన భత్యం కూడా ముట్టలేదు. పొలం కొనలేదు. తన బల్ల దగ్గర నూట యాభై మందికి భోజనం పెడుతూ, యెరూషలేము గోడ కట్టే పనిలో ఉండిపోయాడు. జనం అప్పటికే బరువు మోస్తున్నారు, ఇంకా ఏం అడుగుతామన్నదే ఆయన చెప్పిన కారణం. ఇక పౌలు. యెరూషలేములోని పేదల కోసం చందా పోగు చేసినప్పుడు, ఆ సొమ్ము తీసుకెళ్లేటప్పుడు వెంట ఉండటానికి సంఘాలు ఎన్నుకున్న మనిషిని పెట్టుకున్నాడు. దేవుడి ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా నింద రాకూడదనుకున్నాడు. అంతటి అపొస్తలుడే సాక్షులను పెట్టుకుంటే, మన కానుకల పెట్టె లెక్క అడిగినవాడు అవిశ్వాసి ఎలా అవుతాడు?

అడిగితే వచ్చే జవాబు ఒకటే: అభిషేకం పొందినవాణ్ని ప్రశ్నించకూడదు. సౌలుకూ దావీదుకూ అభిషేకం చేసినవాడు సమూయేలు. ముసలితనంలో ఆయనే జనం ముందు నిలబడి, నేనెవరి ఎద్దునైనా, గాడిదనైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పట్టానా, ఉంటే చెప్పండి, తిరిగి ఇచ్చేస్తానని అడిగాడు. ఆయన మీద మచ్చ లేదని జనం ఒప్పుకున్నారు. అలాంటివాడు కూడా తన కొడుకులు యోవేలును, అబీయాను న్యాయాధిపతులుగా కూర్చోబెట్టాడు. వాళ్లు లంచాలు మరిగారు. మాకు రాజు కావాలని జనం పట్టుబట్టింది ఆ కారణం చెప్పే. తండ్రి నిజాయితీ కొడుక్కి వారసత్వంగా రాదు. మోషేకూ ఇద్దరు కొడుకులున్నారు. అయినా జనం అందరి ముందు ఆయన చెయ్యి ఉంచింది ఎఫ్రాయిము గోత్రానికి చెందిన యెహోషువ మీద.

ఇవన్నీ పాత కథలనేవారికి మన ఉత్తర సర్కారుల చరిత్రే చాలు. కాకినాడలో థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు టెలిగ్రాఫ్ శాఖ ఉద్యోగం వదులుకుని సువార్త పనిలోకి దిగాడు. అప్పులపాలయ్యాడు. సంఘం మాత్రం పెరిగింది. ఇది నేను కట్టింది, నాదే అనలేదు. ఆ పనంతా తీసుకోమని కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్‌లారిన్‌ను తానే పిలిచాడు. 1874 మార్చిలో మెక్‌లారిన్ కాకినాడ వచ్చాక ఆయన కింద పనిచేశాడు. 1875 జనవరి 1న గాబ్రియేల్ కన్నుమూశాడు. కెనడా బాప్టిస్టుల పని ఆ తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట దాకా విస్తరించింది. వాళ్లు ఇక్కడ అడుగుపెట్టడానికి దారి వేసింది, అధికారం వదులుకున్న ఆ తెలుగువాడే. మన సంఘాల్లో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎంతమంది?

సోంపేట అంటే ఆరోగ్యవరం ఆసుపత్రి గుర్తొస్తుంది. అక్కడ పనిచేసిన కెనడా వైద్యుడు బెన్ గల్లిసన్ ఇక్కడి అంధత్వం గురించి చెప్పిన మాటలకు కదిలి, 1963లో కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థను మొదలుపెట్టారు. ఆ సంస్థకు ఇద్దరిలో ఎవరి పేరూ లేదు. చూపు వచ్చినవాళ్లకు ఆ లోటు తెలియదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. మన్యం గూడేల్లో, సముద్రతీరపు పల్లెల్లో చాలీచాలని జీతంతో, ఒక్కోసారి అదీ లేకుండా సంఘాన్ని కాస్తున్న పాస్టర్లు ఉన్నారు. ఈ ఉత్తరం వారి మీద కాదు. నిజానికి పెద్ద మందిరాల లెక్కలు బయటికి వస్తే వారికి సాయం అందే దారి కూడా తెరుచుకుంటుంది. అలాగే, కాపరి కొడుక్కి నిజంగా పిలుపు ఉంటే అతను సేవ చేయకూడదని నేననను. వేరే ఊళ్లో, వేరే పెద్దల కింద, అందరిలాగే పరీక్షకు నిలిచి చేయనివ్వండి.

కాబట్టి సంఘ పెద్దలకూ విశ్వాసులకూ నా విజ్ఞప్తి. ఈ డిసెంబరులో సర్వసభ్య సమావేశం పెట్టి ఏడాది కానుకల జమాఖర్చు అందరి ముందు చదవండి. స్థలం, మందిరం ఇంకా వ్యక్తుల పేరన ఉంటే, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘాన్ని నమోదు చేసి దాని పేరుకు మార్చండి. తర్వాతి కాపరిని కుటుంబం కాదు, సంఘం ఎన్నుకుంటుందని తీర్మానం రాసి సంతకాలు పెట్టండి. పెద్దలు చేయకపోతే సభ్యులే లేచి అడగండి.

ఇట్లు,
ఒక సంఘ సభ్యుడు,
శ్రీకాకుళం జిల్లా