అడ్రినలిన్ కిట్టును కందిరీగ కాటుకూ తెరవనివ్వండి

ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల వైద్య, ఆరోగ్య శాఖాధికారులకు,



మా దివిసీమలో కొబ్బరికాయలు దింపేవాళ్లకు, తాడి ఎక్కే గీత కార్మికులకు కందిరీగ కొత్త కాదు. కుట్టినచోట సున్నం రాసుకుని మళ్లీ పనిలోకి పోతారు. చాలామందికి అంతటితో పోతుంది. కొందరికి పోదు. నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, గొంతు పూడుకుపోతుంది, బీపీ పడిపోయి మనిషి కూలిపోతాడు.

మా చిన్నాన్నకు అలాగే అయింది. మొదట తీసుకెళ్లిన చోట ఏవిల్ సూది వేసి, కాసేపు చూద్దామన్నారు. ఏవిల్ దురద తగ్గిస్తుంది. పడిపోయిన బీపీని లేపదు, మూసుకుపోతున్న గొంతును తెరవదు. ఆ పని చేసేది అడ్రినలిన్. పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాములు, తొడ కండరానికి, వెంటనే. తగ్గకపోతే 5 నిమిషాలకు మరోసారి. తర్వాత చేరిన ఆస్పత్రిలో అది చేశారు కాబట్టి ఆయన మాకు దక్కాడు.

ఇది ఖరీదైన మందేం కాదు. టీకాల రోజున ఏఎన్ఎం దగ్గర అడ్రినలిన్ ఉన్న కిట్టు ఉంటుంది. టీకా వికటిస్తే మొదటి మోతాదు ఆమే ఇవ్వవచ్చు. అదే చెయ్యి, అదే సూది, అదే ప్రమాదం. కందిరీగ కుడితే ఎందుకు ఇవ్వకూడదు?

నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ల నుంచి విజయవాడ పెద్దాసుపత్రికి రావడం గంటల మాట. 108 వచ్చేలోగా ఊరి క్లినిక్కులోనే ఆ మొదటి సూది పడేలా రాతపూర్వకంగా ఆదేశించండి. కళ్లు తిరిగి పడినవాణ్ణి లేపి నిలబెట్టకుండా, కాళ్లు ఎత్తి పడుకోబెట్టాలని ఆశా కార్యకర్తలతో ఇంటింటా చెప్పించండి. వచ్చే గీత సీజన్ మొదలయ్యేలోపే.

ఇట్లు,
దివిసీమ వాసి, విజయవాడ